మాంగోడీబీ క్లస్టర్‌లో వెర్షన్ల పొంతన, ఇండెక్స్ సమస్యలను గుర్తించి సరిచేయడం ఎలా?

తోతాపురి కోతలు జోరందుకునే జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. బంగారుపాళ్యం, దామలచెరువు, పలమనేరు కాటాల నుంచి తూకం వివరాలన్నీ ఒకే డేటాబేస్‌లో చేరే ఏర్పాటు ఒకటి ఉందని, అది మాంగోడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) అని, అందులో డేటాను షార్డ్‌లనే మూడు భాగాలుగా విడగొట్టారని, ఒక్కో షార్డ్‌లో ఒకే డేటా నకళ్ళు ఉంచే మూడేసి యంత్రాల రెప్లికా సెట్ ఉందని అనుకుందాం. ఫోన్ నంబరు కొట్టి రైతు చీటీలు చూడబోతే పేజీ ఎంతకీ తెరుచుకోదు. లేదా నిన్న తోలిన కాయల చీటీ ఉండీ కనిపించదు. లేదా ఒక కాటా దగ్గరి కంప్యూటరు అసలు సర్వర్‌తో కలవదు. ఈ మూడూ ‘సర్వర్ పనిచేయడం లేదు’ అనే ఒకే ఫిర్యాదుగా ఫోన్‌లో వినిపిస్తాయి గానీ, వాటి మూలాలు వేరు. వాటిని విడదీయకుండా కొత్త ఇండెక్స్ (వెతుకులాటను వేగవంతం చేసే సూచిక) కట్టడమో, అన్ని యంత్రాల్లో సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారిగా మార్చడమో మొదలుపెడితే ఉన్న సమస్యకు ఇంకొకటి తోడవుతుంది.

మొదట ఏ రకం సమస్యో తేల్చుకోవాలి

వెర్షన్లు పొసగకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది సాధారణంగా ఏదో ఒక మార్పు జరిగిన వెంటనే మొదలవుతుంది, పని పూర్తిగా ఆగిపోతుంది, లాగ్‌లో (సర్వర్ తన పనిని నమోదు చేసే ఫైలులో) స్పష్టమైన దోష సందేశం ఉంటుంది. ఇండెక్స్ వల్ల వచ్చే ఇబ్బంది డేటా పెరిగే కొద్దీ మెల్లగా ముదురుతుంది, దోష సందేశం ఏదీ ఉండదు. కాబట్టి ముందుగా అడగవలసిన ప్రశ్న ‘ఎప్పటి నుంచి?’ అన్నదే. ఆ తర్వాత ప్రతి యంత్రం లాగ్‌నూ విడిగా చూడాలి. కొత్త డేటాను స్వీకరించే ప్రైమరీ యంత్రం ఒక్కదాన్ని చూసి ఊరుకోకూడదు. 100 మిల్లీసెకన్లు దాటిన క్వెరీలను (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను) మాంగోడీబీ తనంతట తానే లాగ్‌లో రాస్తుంది కనుక, నెమ్మదించినవి ఏవో అక్కడే తెలిసిపోతుంది.

లాగ్ చూస్తూనే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోవాలి: ప్రతి సర్వర్‌లో ఉన్న మాంగోడీబీ వెర్షన్, ప్రతి షార్డ్‌లో అమలులో ఉన్న ఫీచర్ కంపాటిబిలిటీ వెర్షన్ (ఏ వెర్షన్ సదుపాయాల వరకు వాడవచ్చో చెప్పే అమరిక), క్వెరీలను షార్డ్‌లకు పంచే మాంగోఎస్ రూటర్ల వెర్షన్, అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ వెర్షన్. సగం చిక్కులు ఈ కాగితం పూర్తయ్యేసరికే బయటపడతాయని నా అభిప్రాయం. ముఖ్యంగా, ఎవరూ పట్టించుకోని మూల కాటా కంప్యూటరులో పాత డ్రైవర్ అలాగే ఉండిపోవడం సర్వసాధారణం.

వెర్షన్లు పొసగనప్పుడు

మాంగోడీబీలో ప్రోగ్రామును కొత్త వెర్షన్‌కు మార్చినంత మాత్రాన ఫీచర్ కంపాటిబిలిటీ వెర్షన్ మారదు. దాన్ని నిర్వాహకుడు విడిగా ఆదేశమిచ్చి పెంచాలి. ఈ రెండో పని మరచిపోతే ఆ దఫా ఏ తేడా కనిపించదు గానీ, తర్వాతి వెర్షన్‌కు వెళ్ళబోయినప్పుడు సర్వర్ లేవడానికే నిరాకరిస్తుంది. 4.4 నుంచి నేరుగా 6.0కు దూకడం కూడా కుదరదు, 5.0 మీదుగానే, అక్కడ కంపాటిబిలిటీ వెర్షన్‌ను పెంచాకే, ముందుకు వెళ్ళాలి. అయితే ప్రోగ్రాము మార్చిన రోజే ఆ ఆదేశం ఇవ్వడం మంచిది కాదు. కొన్నాళ్ళు కొత్త ప్రోగ్రామును పాత కంపాటిబిలిటీతోనే నడిపి, అంతా సవ్యంగా ఉందని తేలాకే పెంచాలి, ఎందుకంటే పెంచాక వెనక్కి రావడం చాలా కష్టం.

షార్డ్‌లున్న క్లస్టర్‌లో మార్పుకు ఒక క్రమం ఉంది. బ్యాకప్ తీసుకుని, షార్డ్‌ల మధ్య డేటాను సర్దే బ్యాలెన్సర్‌ను ఆపి, ముందు క్లస్టర్ అమరిక వివరాలుండే కాన్ఫిగ్ సర్వర్లను, తర్వాత ఒక్కో షార్డ్‌లో సెకండరీలను (ప్రైమరీ డేటాకు నకళ్ళు ఉంచే యంత్రాలను), ఆపై ప్రైమరీని ఆ హోదా నుంచి దింపి దాన్ని, చివరగా మాంగోఎస్ రూటర్లను మార్చి, బ్యాలెన్సర్‌ను తిరిగి నడపాలి. షార్డ్‌ల కంపాటిబిలిటీ వెర్షన్ పెంచేసి ఏదో ఒక రూటర్‌ను పాత వెర్షన్‌లోనే వదిలేస్తే, ఆ రూటర్ షార్డ్‌లతో కలవలేదు. అప్పుడు ఆ రూటర్ మీద ఆధారపడిన కాటాలకు మాత్రమే పని ఆగి, మిగిలినవి మామూలుగా నడుస్తాయి. ‘మాకు బాగానే ఉంది, వాళ్ళకే రావడం లేదు’ అనే మాట వినిపిస్తే మొదట రూటర్లనే అనుమానించాలి.

మరో రెండు లక్షణాలు గుర్తుంచుకోదగినవి. 5.0 వెర్షన్‌ను ఎక్కించగానే సర్వర్ ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ పడిపోతే లోపం డేటాబేస్‌ది కాదు. ఇంటెల్, ఏఎమ్‌డీ యంత్రాల మీద 5.0 నుంచి ప్రాసెసర్‌కు ఏవీఎక్స్ అనే అదనపు ఆదేశాల సదుపాయం తప్పనిసరి అయింది. పాత ప్రాసెసర్లలో అది ఉండదు. కొత్త ప్రాసెసరే అయినా, వర్చువల్ మిషన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన యంత్రం) అమరికలో ప్రాసెసర్ రకాన్ని సాధారణ నమూనాగా పెడితే ఆ సదుపాయం లోపలికి కనిపించదు, కనుక కొత్త యంత్రం కొనే ముందు ఆ అమరికను మార్చి చూడాలి. రెండోది, 6.0కు మారాక అప్లికేషన్‌కు ‘అన్‌సపోర్టెడ్ ఓపీ క్వెరీ’ అనే సందేశం వస్తే, డ్రైవర్ మరీ పాతదని అర్థం. ఆ పాత సంభాషణ పద్ధతిని సర్వర్ నుంచి తీసేశారు. డ్రైవర్‌ను మార్చడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఇండెక్స్ ఉన్నా క్వెరీ దాన్ని వాడుతోందా?

నెమ్మదించిన క్వెరీకి, అది ఎలా నడుస్తోందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశాన్ని, అమలు గణాంకాలతో సహా, జోడించి నడపాలి. ఫలితంలో ‘కాల్‌స్కాన్’ అని ఉంటే కలెక్షన్ (ఒకచోట ఉంచిన రికార్డుల సముదాయం) మొత్తాన్ని వెతుకుతోందని, ‘ఐఎక్స్‌స్కాన్’ అని ఉంటే ఇండెక్స్ వాడుతోందని అర్థం. ఐఎక్స్‌స్కాన్ కనిపించగానే నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. పరిశీలించిన డాక్యుమెంట్ల (రికార్డుల) సంఖ్యను, తిరిగి ఇచ్చిన డాక్యుమెంట్ల సంఖ్యతో పోల్చాలి. ఇరవై చీటీలు చూపడానికి రెండు లక్షల చీటీలు తిరగేసిందంటే ఆ ఇండెక్స్ ఉన్నా ఈ క్వెరీకి తగినది కాదు.

తగిన ఇండెక్స్‌లో ఫీల్డ్‌ల వరుసే ప్రధానం. సమానత చూసే ఫీల్డ్ ముందు, వరుసక్రమం నిర్ణయించే ఫీల్డ్ తర్వాత, హద్దుల మధ్య వెతికే ఫీల్డ్ చివర ఉండాలన్నది సాధారణ సూత్రం. ‘దామలచెరువు కాటాలో ఈ వారం వచ్చిన బండ్లు, ఎక్కువ తూకం ముందుగా’ అనే క్వెరీకి కాటా కోడ్, తూకం, తేదీ అనే వరుసలో ఇండెక్స్ ఉంటే సర్వర్ విడిగా సార్టింగ్ చేయనక్కర లేదు. తేదీని మధ్యలో పెడితే ఆ లాభం పోతుంది.

షార్డ్‌ల క్లస్టర్‌లో ఇంకో ప్రశ్న ఉంటుంది. షార్డ్ కీ (ఏ రికార్డు ఏ షార్డ్‌కు వెళ్ళాలో నిర్ణయించే ఫీల్డ్) కాటా కోడ్ అయి, క్వెరీలో ఫోన్ నంబరు మాత్రమే ఉంటే, ఎంత మంచి ఇండెక్స్ ఉన్నా రూటర్ ఆ ప్రశ్నను అన్ని షార్డ్‌లకూ పంపక తప్పదు. ఎక్స్‌ప్లెయిన్‌లో ‘సింగిల్ షార్డ్’ బదులు ‘షార్డ్ మెర్జ్’ కనిపించడం దీనికి గుర్తు. అప్లికేషన్ దగ్గర కాటా కోడ్ తెలిసి ఉంటే దాన్ని కూడా క్వెరీలో చేర్చడం అన్నిటికన్నా చవకైన పరిష్కారం. చీటీ నంబరు మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు చేరకుండా చూసేది) కట్టబోతే సర్వర్ తిరస్కరించడానికి కారణం కూడా షార్డ్ కీయే. యూనిక్ ఇండెక్స్ ఆ కీతో మొదలు కావాలి.

ఉన్న చీటీ కనిపించనప్పుడు

ఇది తరచుగా ఇండెక్స్ పాడైందనే అపోహకు దారితీస్తుంది. అసలు కారణం చాలాసార్లు డేటా రకంలో ఉంటుంది. ఒక కాటా ఫోన్ నంబరును సంఖ్యగా, మరొకటి అక్షరాలుగా రాస్తే, మాంగోడీబీకి అవి రెండు వేర్వేరు విలువలు. ఒకదాన్ని అడిగితే రెండోది రాదు. ఆ ఫీల్డ్‌లో ఏయే రకాలు ఉన్నాయో లెక్కపెట్టి, అన్నిటినీ అక్షరాల రూపంలోకి మార్చి, ఇకపై వేరే రకం చేరకుండా కలెక్షన్‌కు స్కీమా నిబంధన పెట్టాలి.

తెలుగు పేర్ల విషయంలో ఈ చిక్కు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ‘రాజ్‌కుమార్’ అని ఒకరు కంటికి కనిపించని విడదీత గుర్తుతో టైపు చేస్తారు, ఇంకొకరు ఆ గుర్తు లేకుండా టైపు చేస్తారు. ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో ఒకే సంకేతంగా గానీ, రెండు ముక్కలుగా గానీ రాయవచ్చు, తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. మామూలు ఇండెక్స్ వీటిని బైట్ల లెక్కన పోలుస్తుంది కనుక రైతు ‘లేడు’ అని చెబుతుంది. చేర్చేటప్పుడూ వెతికేటప్పుడూ పేరును ఎన్ఎఫ్‌సీ అనే ఏకరీతి యూనికోడ్ రూపంలోకి మార్చి, వెతకడానికి మాత్రమే పనికొచ్చే వేరే ఫీల్డ్‌లో ఆ గుర్తులు తీసేసిన పేరును ఉంచి, ఇండెక్స్‌ను దాని మీద కట్టడం మేలు. తెలుగు అక్షరక్రమం కోసం కొలేషన్‌తో (అక్షరాలను పోల్చే నియమావళితో) ఇండెక్స్ కడితే, క్వెరీలో కూడా అదే కొలేషన్‌ను పేర్కొనాలి; లేకపోతే పేర్లను పోల్చడానికి ఆ ఇండెక్స్ అక్కరకు రాదు.

షార్డ్‌లన్నిటిలో ఒకే ఇండెక్స్ ఉందా?

ఒకే క్వెరీ ఒక ఊరి చీటీలకు చురుగ్గా, మరో ఊరి చీటీలకు నత్తనడకన నడిస్తే, ఏదో ఒక షార్డ్‌లో ఇండెక్స్ లేదేమో చూడాలి. ఇండెక్స్ కట్టేటప్పుడు ఒక షార్డ్‌లో పని విఫలమై, మిగిలిన వాటిలో పూర్తయితే ఈ పరిస్థితి వస్తుంది. కాన్ఫిగ్ సర్వర్ల ప్రైమరీలో సర్వర్ స్టేటస్ ఆదేశం ఫలితం చూస్తే ఇలా పొంతన లేని కలెక్షన్లు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది; ఏ షార్డ్‌లో లోపమో, ఇండెక్స్‌ల వివరాలు చూపే ఇండెక్స్ స్టాట్స్ చెబుతుంది. లోపించిన ఇండెక్స్‌ను రూటర్ ద్వారా మళ్ళీ కట్టమంటే అది లేని చోటే కడుతుంది.

కట్టడం మొదలై ఎంతకీ ముగియకపోతే, రెప్లికా సెట్‌లో ఏదైనా యంత్రం ఆగి ఉందేమో చూడాలి. 4.4 నుంచి, ఓటు హక్కూ డేటా ఉన్న సభ్యులందరూ సిద్ధమని చెప్పేవరకూ ప్రైమరీ ఆ ఇండెక్స్‌ను ఖరారు చేయదు. కరెంటు పోయి మూలపడిన ఒక్క సెకండరీ చాలు, పని అంతా నిలిచిపోవడానికి.

తొలగించే ముందు

వాడుకలో లేని ఇండెక్స్‌లు రాతలను (డేటా చేర్చే, మార్చే పనులను) నెమ్మదింపజేస్తాయి కాబట్టి వాటిని తీసేయాలనిపించడం సహజం. అయితే ఇండెక్స్ స్టాట్స్‌లోని వాడకం లెక్క సర్వర్ పునఃప్రారంభమైతే సున్నాకు వస్తుంది, పైగా ఒక్కో యంత్రంలో ఒక్కోలా ఉంటుంది. అందుకే నేరుగా తొలగించకుండా, 4.4 నుంచి ఉన్న హైడ్ సదుపాయంతో దాన్ని దాచి ఉంచాలి. దాచిన ఇండెక్స్‌ను క్వెరీలు వాడవు గానీ సర్వర్ దాన్ని తాజాగానే ఉంచుతుంది. అవసరమని తేలితే మళ్ళీ కట్టే పని లేకుండా వెంటనే బయటికి తేవచ్చు. తాజాగా ఉంచడానికి పడే భారం మాత్రం తొలగించేదాకా తగ్గదు, కనుక దాచగానే రాతల వేగం పెరగలేదని కంగారు పడనక్కర లేదు. కాయల సీజన్‌లో ఒక్కసారి కూడా వాడని ఇండెక్స్, రైతుల బకాయిలు తేల్చే ఏడాది చివరి లెక్కలకు అవసరం కావచ్చు. ఆ లెక్కలు ఒకసారి పూర్తయ్యేవరకూ దాన్ని దాచి ఉంచి, అప్పుడు తొలగించాలి.