బొంత పోతే మనదని చూపించడానికి
పాత చీరలతో అమ్మమ్మ కుట్టిన బొంత రైలులోనో, ఉతకడానికి ఇచ్చిన చోటో పోతే, అది మనదేనని పరాయివారికి చూపించడం చాలా కష్టం. అందువల్ల ముందుగానే బొంతను పగటి వెలుతురులో పరిచి, రెండు వైపులా, నాలుగు మూలలా, ముఖ్యంగా చేతికుట్టు వంకర తిరిగిన చోట్ల దగ్గరగా ఫోటోలు తీసి, పొడవు వెడల్పులను రాసి ఉంచుకోవాలి. ఆ తరువాత నాలుగు అంగుళాల తెల్లగుడ్డ మీద ఫోన్ నంబరును రంగు దారంతో కుట్టి, ఆ ముక్కను అంచుకు జానెడు లోపల ఒక అతుకు కింద దాచి కుట్టివేయాలి. విజయవాడలో రైలు దిగాక బొంత మరిచిపోయామని తెలిస్తే, వెంటనే రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేసి రైలు నంబరు, బోగీ, బెర్తు చెప్పి, ఈ గుర్తులను కూడా వివరించాలి. నంబరును పెన్నుతో రాస్తే ఉతుకులకు వెలిసిపోతుంది. అంచుపట్టీలో దాచితే, దొంగిలించినవారు పట్టీ మార్చగానే ఆ గుర్తు పోతుంది.