వాన నీటి లెక్కలు – 3వ పాఠం: ఒక్క వాన సముద్రానికి ఎంత మేత?

పోయిన పాఠంలో డాబా మీద గిన్నె పెట్టి వాన కొలిచాం. అందులోంచి ఒక్క ముక్క గుర్తుంచుకోండి: చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. ఇవాళ అదే వానను బంగాళాఖాతం నడిమధ్యన కురిపిద్దాం.

అక్కడే ఎందుకంటే, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్లు ఆ సముద్రం మీద తేలుతుంటాయి. కింది ఉప్పునీళ్లు బరువు. రెండూ ఒక పట్టాన కలవవు. అడుగున పోషకాలు ఎంత ఉన్నా, ఎండ తగిలే పైపొరలోని వృక్ష ప్లవకాలకు, అంటే నీళ్లలో తేలే అతి చిన్న మొక్కల్లాంటి జీవులకు, అందవు. వాటికి వానే కొంత ఆసరా. మెరుపులు, బండ్ల పొగ, ఎరువేసిన పొలాల నుంచి లేచే అమ్మోనియా, వీటి నుంచి వచ్చే నత్రజని నైట్రేట్, అమ్మోనియం రూపంలో చినుకులో కలిసి దిగుతుంది.

20 మి.మీ. వాన పడిందనుకోండి. లీటరుకు 20 మైక్రోమోల్ నత్రజని ఉందనుకుందాం (మోల్ అంటే పరమాణువులను, అణువులను లెక్కపెట్టే కొలత; మైక్రోమోల్ అందులో పది లక్షల్లో ఒక వంతు). ఇది అభ్యాసం కోసం వేసుకున్న అంకె. చదరపు మీటరుకు 20 × 20 = 400 మైక్రోమోల్. ప్లవకాల ఒంట్లో కార్బన్, నత్రజని, భాస్వరం పరమాణువుల లెక్కన సుమారుగా 106 : 16 : 1 పాళ్లలో ఉంటాయి. దీన్నే రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. 400 × 106 ÷ 16 = 2,650 మైక్రోమోల్ కార్బన్. ఒక మోల్ కార్బన్ 12 గ్రాములు కాబట్టి దాన్ని 12తో హెచ్చవేస్తే 31,800 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 32 మిల్లీగ్రాములు.

ఇది గరిష్ఠం మాత్రమే. ఇంత పెరగాలంటే 25 మైక్రోమోల్ భాస్వరం కూడా కావాలి. వానలో అది బహు తక్కువ, సముద్రంలోనే దొరకాలి.

ఇప్పుడు అసలు సంగతి, నాకు బాగా ఇష్టమైన చోటు. ఆ 400 మైక్రోమోల్ 10 మీటర్ల లోతు దాకా కలిస్తే 10,000 లీటర్లకు పంచినట్టు, అంటే లీటరుకు 0.04 మైక్రోమోల్. గాలి లేక వాన నీళ్లు పై మీటరులోనే నిలిచిపోతే 0.4. పదింతలు! అందుకే పొర మందం అడగకుండా జవాబు చెప్పకండి. పైగా ఆ తేలిక పొరే మూతలా కూర్చుని, కింది నుంచి వచ్చే కాస్త మేతనూ ఆపేస్తుంది. మబ్బు పట్టి వెలుతురు తగ్గితే అదొక దెబ్బ. వాన వెలిశాక పచ్చదనం పెరగలేదంటే వానలో నత్రజని లేదని తేల్చేయకూడదు.

అభ్యాసం: 50 మి.మీ. వాన. మొదటి జల్లు గాలిని కడుగుతుంది కాబట్టి తొలి 10 మి.మీ.లో లీటరుకు 30 మైక్రోమోల్, మిగతా 40 మి.మీ.లో 5 మైక్రోమోల్ అనుకోండి. కార్బన్ ఎంత? జవాబు 40 మిల్లీగ్రాముల దగ్గరికి రావాలి. 119 వచ్చిందంటే, మొదటి జల్లు అంకెనే వాన మొత్తానికీ వేశారన్నమాట.