థీసిస్ రాత ఎక్కడ దారి తప్పుతోంది? గైడ్ల కోసం సమస్యలు, పరిష్కారాలు

ఎం.డి., ఎం.ఎస్. విద్యార్థి చిత్తుప్రతి చేతికి రాగానే చాలామంది గైడ్లు ఇంగ్లిషు తప్పులు దిద్దడం మొదలుపెడతారు. వ్యాకరణం బాగుపడుతుంది, థీసిస్ మాత్రం అలాగే ఉంటుంది. రాతలో బయటపడే లోపాలు చాలావరకు కలం పట్టకముందు జరిగిన పనిలో, లేదా జరగని పనిలో పుట్టినవి. వాటిని అక్కడే పట్టుకోవాలి. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ విద్యార్థులకు పరిశోధన రచన నేర్పేవారికీ ఈ మాట వర్తిస్తుంది.

సమస్య: ఉపోద్ఘాతం పేజీలకు పేజీలు, పరిశోధన ప్రశ్న ఎక్కడా లేదు

కారణం: సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) గడువు ముంచుకొచ్చాక టాపిక్ ఖరారవుతుంది. విద్యార్థి డిపార్ట్‌మెంట్ లైబ్రరీలోని పాత థీసిస్ ముందు పెట్టుకుని అదే వరసలో రాసుకుపోతాడు. తాను ఏమి తెలుసుకోదలచాడో తనకే తేలలేదు గనుక, పాఠ్యపుస్తకంలో ఉన్నదంతా తెచ్చి పెడతాడు.

పరిష్కారం: రాయడం ఆపించి, ప్రశ్నను ఒక్క వాక్యంలో చెప్పించండి. ఎవరిలో, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం? ఉదాహరణకు: "హిమోగ్లోబిన్ 7 నుంచి 9.9 గ్రాముల మధ్య ఉన్న గర్భిణుల్లో, నరానికి ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఐరన్ మాత్రలకన్నా నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్‌ను ఎక్కువగా పెంచుతుందా?" ఈ వాక్యం కుదిరాక ఉపోద్ఘాతానికి మూడు పేరాలు చాలు. మొదటిది సమస్య తీవ్రత: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండోది ఇంతవరకు తేలనిదేమిటో చెప్పాలి. మూడోది పరిశోధన ప్రశ్న.

కష్టమంతా రెండో పేరాలోనే. "మన ప్రాంతంలో ఈ అంశంపై అధ్యయనాలు తక్కువ" అనే వాక్యం థీసిస్ తర్వాత థీసిస్‌లో కనబడుతుంది. దాన్ని అక్కడికక్కడే నిలదీయండి. మన ప్రాంతంలో ఫలితం వేరుగా ఎందుకు రావాలి? మన ఓపీకి గర్భిణులు ఆలస్యంగా వస్తున్నారా, మాత్రలు ఇంట్లోనే మిగిలిపోతున్నాయా? జవాబు ఉంటే అదే ఆ పేరా అవుతుంది. లేకపోతే ప్రశ్న మార్చుకోవడమే మేలు, అదీ సినాప్సిస్ దశలోనే.

సమస్య: పద్ధతుల భాగం చదివి ఆ అధ్యయనాన్ని మరొకరు చేయలేరు

కారణం: ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో "చేస్తాము" అన్న చోటల్లా "చేశాము" అని మార్చి అతికిస్తారు. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా అలా చెరిగిపోతుంది. "ర్యాండమ్‌గా ఎంపిక చేశాము" అన్నది మరో తరచు తప్పు. విడమరచి అడిగితే, ఒక రోగికి ఇంజెక్షన్, తర్వాతి రోగికి మాత్రలు ఇచ్చామంటారు. అది ర్యాండమైజేషన్ (ఎవరూ ముందే ఊహించలేని, లాటరీలాంటి కేటాయింపు) కాదు. తర్వాత వచ్చేది ఏ చికిత్సో ముందే తెలుసు గనుక, డాక్టరు ఇష్టం అందులో చొరబడుతుంది.

పరిష్కారం: ట్రయల్ (చికిత్స ఇచ్చి పరీక్షించే అధ్యయనం) అయితే కన్సార్ట్, పరిశీలన అధ్యయనమైతే స్ట్రోబ్ చెక్‌లిస్టును, అంటే పేపర్‌లో ఏమేం చెప్పాలో తెలిపే జాబితాను, ప్రోటోకాల్ రాసేటప్పుడే ముందు పెట్టించండి. చివర్లో తీస్తే అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ట్రయల్‌ను మొదటి రోగిని చేర్చుకోకముందే దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయించాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ మొదలైపోయిన ట్రయల్స్‌ను నమోదు చేయడం లేదు. ఇక పద్ధతుల భాగాన్ని వేరే విభాగం పీజీకి ఇచ్చి, "రేపు ఈ పని నువ్వు మొదలుపెట్టాలంటే ఇంకేం తెలియాలి?" అని అడిగించండి. అతడు అడిగే ప్రతి ప్రశ్నా ఆ రాతలోని ఖాళీయే.

సమస్య: ఫలితాల్లో పి విలువలు తప్ప ఏమీ లేవు

కారణం: గణాంక నిపుణుడు పంపిన ఫైలును యథాతథంగా అతికించడం. అసలు తేడాయే లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంతో చెప్పేదే పి విలువ, తేడా ఎంతో అది చెప్పదు.

పరిష్కారం: వాక్యాన్ని తిరగరాయించండి. ఒక కల్పిత ఉదాహరణ చూడండి. "రెండు గ్రూపుల మధ్య తేడా గణనీయం (పి < 0.001)" అంటే డాక్టరుకు పనికొచ్చేది ఏమీ తెలియదు. "ఇంజెక్షన్ గ్రూపులో హిమోగ్లోబిన్ సగటున 1.2 గ్రాములు ఎక్కువగా పెరిగింది (95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఉండగల పరిధి: 0.8 నుంచి 1.6)" అంటే రేపటి రోగికి ఏం చేయాలో ఆలోచించగలడు. టేబుల్‌లో ఉన్న అంకెలన్నీ వాక్యాల్లో మళ్లీ వల్లించనక్కర్లేదు.

సమస్య: ప్లేజియరిజం (రచనా చౌర్యం) రిపోర్టులో శాతం ఎక్కువ వచ్చింది

కారణం: వెంటనే దొంగతనమని ముద్ర వేయకండి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థికి, తాను చదివిన పేపర్ రచయిత ఇంగ్లిషు వాక్యం తన వాక్యంకన్నా ఎప్పుడూ మెరుగ్గానే కనబడుతుంది. దాన్ని తెరిచి పెట్టుకుని అక్కడక్కడ మాటలు మారుస్తాడు. భయంతో చేసే ఈ పనిని శిక్ష మాన్పించదు. అయితే అది తప్పు కాకుండా పోదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికలకు శిక్ష లేదు, ఆపైన ఉంది. మాటలు మార్చి శాతం తగ్గించుకున్నా, ఆలోచన అరువుదైతే లోపం అక్కడే ఉంటుంది.

పరిష్కారం: పేపర్ మూయించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే అది అర్థం కాలేదని లెక్క, మళ్లీ చదవాలి. చెప్పగలిగితే ఆ చెప్పినదాన్నే చిన్నచిన్న ఇంగ్లిషు వాక్యాల్లో రాయించి, మూలాన్ని ఉటంకించమనండి. ఆ ఇంగ్లిషు సాదాగా ఉన్నా పరవాలేదు, దాన్ని మనం దిద్దగలం. రిఫరెన్సులు ఏఐ పరికరాలతో తెచ్చుకుంటే, అసలు లేని పేపర్లు కూడా వచ్చి చేరతాయి. ఒక్కొక్కదాన్నీ వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో తెరిచి చూపించమనండి. రిఫరెన్సులను సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటేరో ఉచితమే, మొదటి వారంలోనే నేర్పేయండి.

సమస్య: ఎన్నిసార్లు దిద్దినా అవే తప్పులు తిరిగొస్తున్నాయి

కారణం: దిద్దుతున్నది మనం, నేర్చుకోవలసినది విద్యార్థి. వర్డ్ ఫైలు నిండా ఎర్ర గీతలు పంపితే అతడు అన్నింటినీ ఒక్క నొక్కుతో అంగీకరించి తిరిగి పంపుతాడు. ఎందుకు మార్చామో చదవడు. ప్రశ్న, వరస, వాక్యం, కామా అన్నీ ఒకేసారి దిద్దితే ఏది ముఖ్యమో కూడా అతడికి తెలియదు.

పరిష్కారం: ఒక్కో విడతలో ఒక్క స్థాయే చూడండి. మొదటి ప్రతిలో ప్రశ్నకూ ముగింపుకూ పొంతన ఉందా అన్నదే చూడాలి, స్పెల్లింగ్ జోలికి వెళ్లకూడదు. తర్వాత పేరాల వరస, ఆ తర్వాతే వాక్యాలు. ఒక పేరాను విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని, కారణం చెబుతూ దిద్దండి. అదే రకం తప్పున్న మిగతా పేరాలను అతడే వెతికి దిద్దాలి. మొదట్లో మనకే సమయం ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఆ విద్యార్థి రేపు తానూ గైడ్ అవుతాడు, మన దగ్గర చూసినట్టే దిద్దుతాడు.

సమస్య: పేపర్ పంపే వేళ రచయితల పేర్లపై గొడవ

కారణం: ముందుగా ఎవరూ మాట్లాడుకోలేదు.

పరిష్కారం: వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, ఐసీఎంజేఈ, నాలుగు షరతులు పెట్టింది. అధ్యయన రూపకల్పనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేయాలి. రాయడమో, లోతుగా దిద్దడమో చేయాలి. తుది ప్రతిని ఆమోదించాలి. మొత్తానికి జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉంటేనే రచయిత, పదవి ఏదైనా సరే. సాయం చేసిన మిగతావారి పేర్లు కృతజ్ఞతల్లో ఉంటాయి. ఏఐ పరికరాన్ని రచయితగా చూపకూడదు, వాడితే ఆ సంగతి చెప్పాలి. పేర్ల వరసను సినాప్సిస్ సమర్పించే రోజునే కాగితం మీద పెట్టుకోండి. పని చేతులు మారితే ఆ కాగితాన్నీ మార్చి, అందరి చేతా మళ్లీ సంతకాలు చేయించండి.