ఆర్థిక సమ్మిళిత పథకాన్ని రూపొందించే విధానం

పేదలకు ఖాతా, పొదుపు, అప్పు, చెల్లింపుల వంటి సేవలను అందుబాటులోకి తెచ్చే ఆర్థిక సమ్మిళిత కార్యక్రమాన్ని రూపొందించే బాధ్యత మీ సంస్థకు వస్తే, ఇన్ని ఖాతాలు తెరిపించాలన్న లక్ష్యాన్ని మొదట పక్కన పెట్టండి. ప్రజలు ఆర్థిక సేవలను ఎలా వాడుతున్నారో తెలిపే ప్రపంచ బ్యాంకు ఫిండెక్స్ సర్వే ప్రకారం 2011లో ప్రపంచవ్యాప్తంగా వయోజనులలో 51 శాతం మందికి ఖాతా ఉండగా 2021 నాటికి 76 శాతం మందికి సమకూరింది. కానీ 2017 సర్వేలో ఖాతాదారులలో సుమారు ఐదో వంతు మంది అంతకుముందు ఏడాదిలో ఒక్కసారి కూడా డబ్బు వేయలేదు, తీయలేదు. తెరిచిన ఖాతా వాడుకలోకి రావాలంటే అది ఆ ఇంటి అవసరానికి సరిపోవాలి.

ఆ అవసరాన్ని తెలుసుకోవడానికి కొన్ని కుటుంబాల జమాఖర్చులను కనీసం మూడు నెలల పాటు వారం వారం రాసుకోండి. ఏడాది ఆదాయం ఎంతని అడిగితే ఉజ్జాయింపు అంకె చెబుతారు. పోయిన వారం ఎంత వచ్చింది, ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారు, ఎవరికి తిరిగి ఇచ్చారు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. పేదవారి ఆదాయం తక్కువగా ఉండడమే కాదు, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం కూడా వారిని కుంగదీస్తుంది. ఈ లెక్కలు చేతిలో లేకుండా పొదుపో అప్పో ఎంచుకోవడం రోగిని చూడకుండా మందు రాయడమే.

చిన్న చిన్న మొత్తాలను దాచుకునే చోటు లేకపోవడమే ప్రధాన సమస్యగా తేలితే పొదుపు సంఘంతో మొదలుపెట్టండి. కేర్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ 1991లో నైజర్ దేశంలో మొదలుపెట్టిన గ్రామీణ పొదుపు సంఘాల పద్ధతిలో సాధారణంగా 15 నుంచి 25 మంది సభ్యులుంటారు. వారు ప్రతి సమావేశంలోనూ తమ శక్తి కొద్దీ ఒకటి నుంచి ఐదు వాటాలు కొంటారు, పోగైన సొమ్ములోంచే వడ్డీకి అప్పు తీసుకుంటారు, ఏడాది ముగిశాక అసలును, లాభాన్ని వాటాల ప్రకారం పంచుకుంటారు. డబ్బు పెట్టెకు మూడు తాళాలు వేసి, తాళంచెవులను ముగ్గురు వేర్వేరు సభ్యులకు ఇవ్వండి; లెక్కింపు అందరి ఎదుటా జరగాలి. బయటి నుంచి మూలధనం తెచ్చి పెట్టెలో వేయాలన్న ఉత్సాహాన్ని మాత్రం తొలి ఏడాది అణచుకోండి, ఎందుకంటే తమ సొమ్ము మీద ఉండే జాగ్రత్త దాత ఇచ్చిన సొమ్ము మీద ఉండదు.

దూరాన ఉన్నవారు ఇంటికి డబ్బు పంపడమే కష్టంగా ఉంటే మొబైల్ చెల్లింపులు మేలు. కెన్యాలో 2007లో ప్రారంభమైన ఎం-పెసా అనే మొబైల్ చెల్లింపు సేవ వల్ల సుమారు 1,94,000 కుటుంబాలు తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డాయని 2016లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఇక్కడ ఫోన్ ఎంత ముఖ్యమో నగదు ఇచ్చే ఏజెంటు అంతే ముఖ్యం. ఏజెంటు గల్లాలో డబ్బు లేక రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగివెళ్లిన మనిషి మూడోసారి రావడం కష్టం.

సూక్ష్మరుణాల, అంటే పేదలకు ఇచ్చే చిన్న చిన్న అప్పుల, విషయంలో ఆశలను అదుపులో ఉంచుకోవాలి. ఆరు దేశాలలో యాదృచ్ఛిక పద్ధతిలో (అప్పు సదుపాయం ఎవరికి ఇవ్వాలో చీటీ తీసినట్టు ఎంచి, అది అందనివారితో పోల్చి) జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనాలలో, వాటివల్ల సగటున పేదరికం స్పష్టంగా తగ్గినట్లు కనబడలేదు. ఇప్పటికే వ్యాపారం నడుపుతూ సరుకు కొనడానికి పెట్టుబడి చాలనివారికి అప్పు ఉపయోగపడవచ్చు; పూట గడవనివారికి అది మరో బరువు.

అట్టడుగున ఉన్నవారి కోసం బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిని పరిశీలించండి. పశువుల వంటి జీవనాధారం, కొంతకాలం తిండి ఖర్చుకు సాయం, శిక్షణ, పొదుపు అలవాటు, ఇంటికి వచ్చి మంచిచెడ్డలు చూసే కార్యకర్త, ఇవన్నీ సుమారు రెండేళ్ల పాటు కలిపి అందించాలి. ఈ పద్ధతిని పరీక్షించేందుకు ఆరు దేశాలలో 10 వేలకు పైగా కుటుంబాలను గమనించిన మరో అధ్యయనం, సాయం ఆగిన ఏడాది తరువాత కూడా వినియోగంలో మెరుగుదల నిలిచిందని 2015లో తేల్చింది. ఖర్చు ఎక్కువే కాబట్టి లబ్ధిదారుల ఎంపికను ఊరివారి సమక్షంలో జరిపి, ఆ జాబితాను గడప గడపకూ వెళ్లి సరిచూసుకోండి.

ఆరు నెలలకొకసారి వాడుకలో లేని ఖాతాల జాబితా తీసి, అందులో కొందరి ఇళ్లకు వెళ్లి కారణం అడగండి. దూరమా, రుసుమా, సంతకం పెట్టలేని బిడియమా, ఖాతా భర్త చేతిలో ఉండడమా అన్నది వారి నోట విన్న తరువాతే వచ్చే ఏడాది బడ్జెట్ రాయండి.