పొలంలో సీజన్ ముగించి ఇంటికి వస్తున్నారా? విత్తనాలు పాడవకుండా దాచడం ఎలా?

వానాకాలమంతా సేంద్రియ పొలంలో వాలంటీరుగా పనిచేసి సంక్రాంతికి ఇంటికి బయల్దేరేటప్పుడు, ఆ ఇంటి పెద్దమ్మ ఒక గుప్పెడు దేశీ విత్తనాలు చేతిలో పోస్తుంది. చాలామంది వాటిని ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి బట్టల మధ్య కుక్కేస్తారు. జూన్‌లో విప్పి చూస్తే బూజు, లేదంటే పుచ్చు. ఏడు సీజన్లుగా జహీరాబాద్ వైపు పొలాలకు వెళ్లొస్తున్నాను, ఏటా ఇదే చూస్తున్నాను. అక్కడి పల్లెల్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి బుట్టల్లో, బూడిదలో, వేపాకులో కాపాడుకున్న విత్తనమది. మన నిర్లక్ష్యంతో అది మట్టిపాలైతే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. కాగితం కవర్లు లేదా కాటన్ గుడ్డ సంచులు, పెన్సిలు, బిగుతు మూత ఉన్న గాజు సీసాలు, ఒక చాట, కాస్త బియ్యం, కాస్త కట్టెల బూడిద, పప్పుజాతి గింజలుంటే కాస్త ఆముదం ఉంటే చాలు.

ముందుగా, పొలంలో ఉండగానే ప్రతి కవరు మీద పంట పేరు, ఊరు, కోసిన నెల రాయండి. పెన్సిలుతోనే రాయండి, పెన్ను సిరా తేమకు అలుక్కుపోతుంది. బీర గింజలైతే పక్కన నేతిబీర తీగ ఏమైనా ఉందా అని అడగండి. ఆ రెండూ కలిస్తే వచ్చే ఏడు ఏ కాయ కాస్తుందో చెప్పలేం. ప్రయాణంలో విత్తనాలు కాగితంలోనో గుడ్డలోనో ఉండాలి, ప్లాస్టిక్ వద్దే వద్దు. బస్సులో కిటికీ పక్క ఎండ తగిలేచోట సంచి పెట్టకండి.

ఇంటికి రాగానే స్నానం, భోజనం, నిద్ర. మర్నాడు పొద్దున్నే అసలు పని మొదలుపెట్టండి, వాయిదా వేయకండి.

అసలు పని ఎండబెట్టడం. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఆరడం వేరు, ఎండడం వేరు. చేతికి తడి తగలకపోతే గింజ ఆరినట్టే, కానీ లోపల తేమ అలాగే ఉంటుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెండింతలవుతుందని విత్తన శాస్త్రం చెబుతుంది. ఆ ఒక్క శాతం కోసమే ఈ తంటా అంతా.

టమాటా, వంకాయ లాంటి తడి కాయల్లోంచి తీసిన గింజలైతే మొదటి రెండు రోజులు నీడలోనే, గాలి ఆడేచోట, గుడ్డ మీద పలచగా పరచండి. తడి గింజను నేరుగా ఎండలో పెడితే లోపలి మొలక దెబ్బతింటుంది. కాగితం మీద పోస్తే అంటుకుపోతాయి. తర్వాత ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే ఎండ చూపించండి. మిట్టమధ్యాహ్నం ఎండలో డాబా సిమెంటు కాలిపోతుంది, దాని మీద పోసిన విత్తనం చూడ్డానికి బాగానే ఉంటుంది, మొలవదు. ఇనుప పళ్లెం అంతకన్నా ప్రమాదం. నేనైతే చాట తప్ప మరొకటి వాడను, మీరూ చాటే వాడండి. సూర్యుడు దిగకముందే లోపలికి తెచ్చేయండి, మంచు పడితే రోజంతా ఎండిన శ్రమ వృథా.

ఎండిందో లేదో గింజే చెబుతుంది. నాకు పెద్దమ్మ నేర్పింది ఇలా: ఒక బీర గింజను రెండు వేళ్ల మధ్య పట్టి వంచింది. వంగింది. "ఇంకా పచ్చిదేరా" అని చాటలో పడేసింది. మూడు రోజుల తర్వాత మళ్లీ వంచితే టప్‌మని రెండు ముక్కలైంది. చిక్కుడు, అలసంద అయితే పంటి కింద పెట్టి కొరకండి. పంటి గాటు పడితే ఎండలేదు, పటుక్కున పగిలితే ఎండినట్టు. ఒక్క గింజ చూసి వదిలేయకండి, చాట అంచున ఉన్నది ఒకటి, మధ్యలోది ఒకటి చూడండి.

విజయవాడ, విశాఖ లాంటి చోట్ల గాలిలోనే తేమ ఎక్కువ, అక్కడ ఎంత ఎండబెట్టినా గింజ ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. అప్పుడు బియ్యాన్ని బాగా వేయించి, పూర్తిగా చల్లార్చి, సీసాలో సగం పోసి, దానిపైన గింజల గుడ్డమూట పెట్టి మూత బిగించండి. వారం, పది రోజుల్లో బియ్యం ఆ తేమను లాగేస్తుంది. కొని తెచ్చుకునే సిలికా జెల్ కంటే నాకు ఇదే నమ్మకం, వంటింట్లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి.

తర్వాతదంతా తేలిక. పప్పుజాతి గింజలకు పురుగు గుడ్లు పొలం నుంచే అంటుకుని వస్తాయి, కిలోకి ఒక టీస్పూను ఆముదం పట్టించండి. మిగతావాటిలో జల్లెడ పట్టిన చల్లని బూడిద కలిపి సీసాలో పోసి, చీకటిగా, చల్లగా ఉండే చోట పెట్టండి. పొయ్యి పైనున్న అలమరాలో వద్దు. ఫ్రిజ్ కూడా వద్దనే అంటాను. చల్లటి సీసాను బయటికి తీసి వెంటనే మూత తీస్తే గింజల మీద చెమట పడుతుంది, ఆ ఒక్కసారితో అంతా పోతుంది. పెట్టి తీరాలంటే, బయటికి తీశాక ఆ రోజంతా మూత ముట్టుకోకండి.

మే మొదట్లో ఒక్కో రకం నుంచి పది గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి చూడండి. వారంలో ఏడెనిమిది మొలిస్తే మృగశిర కార్తెకు నిశ్చింతగా విత్తుకోండి. వంగ గింజలకు ఇంకో వారం గడువివ్వండి. ఐదు కూడా రాకపోతే ఆ రోజే పెద్దమ్మకు ఫోన్ చేయండి, వానలు పడ్డాక అడిగితే ఆమె దగ్గరా మిగిలి ఉండవు.