నమ్మని నిపుణుల ముందు కొత్త మనస్తత్వ సిద్ధాంతం: వెళ్లేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

1896 ఏప్రిల్ 21న వియన్నాలో మానసిక, నాడీ వైద్యుల సంఘం ముందు సిగ్మండ్ ఫ్రాయిడ్ 18 మంది రోగుల వివరాలతో ప్రసంగించి, ప్రతి హిస్టీరియాకూ (శరీరంలో కారణం కనిపించకుండా మూర్ఛ, పక్షవాతం వంటి లక్షణాలు కలిగే మానసిక రుగ్మతగా అప్పట్లో భావించినది) మూలం బాల్యంలో ఎదురైన లైంగిక అనుభవమేనని చెప్పాడు. పైగా తాను కనుగొన్నదానిని నైలు నది పుట్టుకను కనుగొనడంతో పోల్చాడు. అధ్యక్షస్థానంలో ఉన్న క్రాఫ్ట్-ఎబింగ్ ఇదేదో శాస్త్రీయమైన కట్టుకథలా ఉందన్నాడని ఫ్రాయిడే కోపంగా ఒక మిత్రుడికి రాసుకున్నాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆ సిద్ధాంతాన్ని తానిక నమ్మడం లేదని అదే మిత్రుడికి రాశాడు. పిల్లలపై అఘాయిత్యాలు జరుగుతాయన్నది నిజం, అవి మనసును గాయపరుస్తాయన్నదీ నిజమే. ఆయనను ఇరకాటంలో పెట్టింది ‘ప్రతి’ అన్న ఒక్క మాట.

అందుకని సెమినారుకు వారం ముందే మీ ప్రతిపాదనను ఒకే వాక్యంగా రాసి, అందులో ‘ప్రతి’, ‘ఎప్పుడూ’, ‘మాత్రమే’ అన్న మాటలు ఎక్కడున్నాయో ఎర్ర కలంతో గుర్తించండి. మీ దగ్గరున్న ఆధారం వాటిని మోయలేకపోతే మొహమాటపడకుండా కొట్టేయండి. మిగిలిన వాక్యం చప్పగా కనిపించవచ్చు గాని, నిపుణులు మీతో వాదించేది ఆ వాక్యం మీదనే.

రెండవ జాగ్రత్త దీనికంటే ముఖ్యమైనది, నేను దెబ్బతిని నేర్చుకున్నది. నా పీహెచ్‌డీ సమర్పణకు ముందు జరిగిన సెమినారులో ఎవరు ఏ ఆక్షేపణ చెప్పినా, ‘దానిని కూడా నా సిద్ధాంతం ఇలా వివరిస్తుందండీ’ అంటూ ఉత్సాహంగా జవాబిస్తూ పోయాను. చివరికి బయటినుంచి వచ్చిన ఒక ప్రొఫెసరుగారు ఫైలు మూసి, ‘ఏ ఫలితం వస్తే మీ సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటారు?’ అని మెల్లగా అడిగారు. గ్లాసులో నీళ్లు అయిపోయేదాకా తాగాను గాని, నా దగ్గర జవాబు లేదు.

ఇటువంటి జవాబులు ఎక్కడికి దారితీస్తాయో 1784లో ఫ్రాన్సులో, రోగాలను నయం చేస్తుందని వైద్యుడు మెస్మర్ చెప్పిన కంటికి కనిపించని ‘జంతు అయస్కాంతశక్తి’ని పరీక్షించిన సంఘం నివేదికలో చూడవచ్చు. పాసీలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తోటలో మెస్మర్ శిష్యుడు డెస్లాన్ ఒక ఆప్రికాట్ చెట్టుకు ఆ శక్తిని ఎక్కించాడు. కళ్లకు గంతలు కట్టిన 12 ఏళ్ల బాలుడిని ఒక్కొక్క చెట్టు దగ్గరికి నడిపించగా, శక్తి ఎక్కించని నాలుగో చెట్టు దగ్గర సొమ్మసిల్లి పడిపోయాడు. ఆరుబయటి చెట్లన్నిటికీ సహజంగానే ఆ శక్తి ఉంటుందని డెస్లాన్ సమర్థించుకున్నాడు. అలాగైతే ఆ శక్తికి లొంగేవాళ్లెవరూ తోటలో అడుగుపెట్టలేరు కదా అన్నది సంఘంవారి జవాబు. కాబట్టి మీ సిద్ధాంతాన్ని కూల్చగల ఫలితం ఏమిటో ప్రయోగానికి ముందే రాసి, తేదీతో సహా నమోదు చేసి, రెండో స్లైడులోనే చూపించండి.

అంకెలు బాగున్నాయన్న ధీమా కూడా పనికిరాదు. భవిష్యత్తు ముందే మనసుకు అందుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త డారిల్ బెమ్ 2011లో పేరున్న పత్రికలో ప్రచురించిన వ్యాసంలో 9 ప్రయోగాలు, వెయ్యికి పైగా పాల్గొన్నవారు ఉన్నారు. ఇతరులు తిరిగి చేసి చూసినప్పుడు ఆ ఫలితం రాలేదు.

దీనికి భిన్నంగా నిలిచింది మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గార్సియా ఉదంతం. సంకేతానికీ పర్యవసానానికీ మధ్య కొన్ని క్షణాలకు మించి ఎడం ఉంటే జంతువు ఆ రెంటినీ ముడిపెట్టలేదని పెద్దలు నమ్ముతున్న రోజుల్లో, రుచికీ తరువాత ఎంతోసేపటికి పుట్టే వికారానికీ ఎలుకలు ముడిపెడతాయని ఆయన 1960లలో చూపించాడు. పత్రికలు ఆయన వ్యాసాలను తిప్పికొట్టాయి. అయితే అవి ఎవరైనా తమ ప్రయోగశాలలో చేసి చూసుకోగల ప్రయోగాలు కావడంతో వాదన క్రమంగా సద్దుమణిగింది, 1979లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం ఆయనను పురస్కారంతో గౌరవించింది. కాబట్టి మీ ప్రశ్నావళి, ముడి దత్తాంశం, ప్రయోగం చేసిన తీరు నిపుణులకు ముందే పంపండి.

‘గెలీలియోను కూడా మొదట ఎవరూ నమ్మలేదు’ అంటూ సభలో ఆయన పేరు ఎత్తకండి. ఆ పోలిక విని విని వాళ్లకు విసుగొచ్చి ఉంటుంది. ప్రశ్నను పూర్తిగా విని, మీ మాటల్లో తిరిగి చెప్పి, అడిగినవారు ఔనన్నాకే జవాబివ్వండి. తెలియనిచోట ‘ఇది నేను పరీక్షించలేదండీ’ అనండి. మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బందిపెట్టిన ప్రశ్నను, అడిగినవారి పేరుతో సహా, ఆ రాత్రి పడుకునేలోపు రాసిపెట్టుకోండి. మరునాటికి జ్ఞాపకం దానిని మీకు అనుకూలంగా మార్చేస్తుంది.