షంటింగ్ ఇంజన్ పాఠాలు – 3: గుర్రాలు సగం, బరువు ఎక్కువ

పోయిన భాగంలో డబ్ల్యూడీఎస్-6 అనే రైలింజన్ పేరును విడదీశాం: డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్, అంటే యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ జరపడం. ఇప్పుడు ఒక చిక్కు. మెయిన్ లైన్లో తిరిగిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌ది 2600 హార్స్‌పవర్, బరువు 113 టన్నుల దాకా. డబ్ల్యూడీఎస్-6ది 1400కు మించదు, బరువేమో 126 టన్నులు. ఎందుకలా?

సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేస్తూ దిగబడ్డ ట్రాక్టర్‌ను చూసే ఉంటారు. ఎంత రేజ్ చేసినా టైరు అక్కడక్కడే తిరిగి బురద చిమ్ముతుంది. ఇంజన్లో శక్తి ఉంది, టైరుకే పట్టు దొరకలేదు. పట్టా మీద ఉక్కు చక్రానిదీ అదే బాధ. యార్డులో షంటింగ్ వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి హార్స్‌పవర్‌తో పెద్ద పని లేదు. కదిలించడమే కష్టం. దానికి కావాల్సింది పట్టు, పట్టునిచ్చేది బరువు.

లెక్క చేద్దాం. పొడి పట్టా మీద పట్టు బరువులో నాలుగో వంతు అనుకోండి: 126 × 0.25 = 31.5 టన్నుల లాగుడు.

విష్ణుపురం వైపు సిమెంటు నింపిన 42 వ్యాగన్ల రేకు (ఒకదానికొకటి తగిలించిన వ్యాగన్ల వరుస) ఉందనుకుందాం. ఒక్కోటి సరుకుతో 81 టన్నులు, మొత్తం దాదాపు 3400. ఆగి ఉన్న రేకును కదిలించాలంటే టన్నుకు 5 కిలోల లాగుడు వేసుకోండి, 17 టన్నులు. యార్డు 1:400 ఎత్తులో (400 మీటర్లకు ఒక మీటరు ఎక్కుడు) ఉంటే ఇంకో 8.5. మొత్తం 25.5. లాగేస్తుంది. (ఇంజన్ సొంత బరువును లెక్కలో వదిలేశాను, మొదట్లో అంత లోతు అక్కర్లేదు.)

ఇప్పుడు తొలకరి చినుకు పడింది. పెద్ద వాన దుమ్మును కడిగేస్తుంది, నిజానికి సన్న తుంపరే మోసం చేస్తుంది. పట్టు 0.15కు జారితే చేతిలో మిగిలేది 19 టన్నులే. చక్రం గిర్రున తిరుగుతుంది, గుండె గుభేలుమంటుంది. కొత్తవాళ్లు అప్పుడే నాచ్ (ఇంజన్ శక్తిని పెంచే మెట్టు) పెంచుతారు. పెంచొద్దు, తగ్గించండి. చక్రం నిలకడయ్యాక పట్టు కోసం పట్టా మీద ఇసుక వదిలి, ఒక్కో నాచే ఎక్కించండి.

అభ్యాసం: ఇదే రేకు, పొడి పట్టా, ఎత్తు 1:150. ఎన్ని వ్యాగన్లు విడదీస్తే బండి కదులుతుంది? వచ్చే భాగం కప్లింగ్ (వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించడం) గురించి.